కుడికి లాగిన బండి

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పేపర్లో ఫొటో వేయించేవాళ్లు వేయించారు, దండలు వేసేవాళ్లు వేశారు. ట్రాక్టర్ బ్రేకులు బిగించే మనిషి గురించి ఎవరు చదువుతారులే అనిపించింది. కానీ ఈ వయసులో నేనింకా రోడ్డు మీద తిరుగుతున్నానంటే అది ఆయన చలవే. ఆ మాత్రం చెప్పకపోతే ఎలా అని కూర్చున్నాను.

పోయిన వారం పొద్దున్నే కళ్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే కబురొచ్చింది, మెకానిక్ బావ నిద్రలోనే పోయాడని. మాకు చుట్టరికం లేదు, ఊరి వరసకు బావ. ప్రత్తిపాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది.

ఆ షెడ్డులోకి ఏ బండి వచ్చినా ఆయన ముందు ఇంజను వైపు చూసేవాడు కాదు. వంగి బ్రేకు పెడల్‌ను అరచేత్తో నొక్కేవాడు. కాలితో తొక్కి చూడొచ్చుగా అంటే, "కాలికి బలమెక్కువ బావా, అరిగిపోయినదాన్ని కూడా బాగుందనిపించిద్ది. చేతికైతే తెలిసిపోద్ది" అనేవాడు. తన కూతుర్ని చూసుకోవడానికి వచ్చిన పెళ్లివారి కారునూ వదల్లేదు. సంబంధం తర్వాత కుదిరింది, ముందు కారు రిపేరైంది.

నా దగ్గరొక పాత చిన్న ట్రాక్టర్ ఉంది. పత్తి సాళ్ల మధ్య కలుపు పోయేలా గుంటక తోలడానికి కొన్నది. దానికి రెండు బ్రేకు పెడళ్లు, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. చేలో ఒకటే తొక్కితే సాలు చివర బండి ఉన్నచోటే తిరుగుతుంది. రోడ్డెక్కేటప్పుడు మాత్రం రెండింటినీ గొళ్లెంతో కలపాలి. నేనెప్పుడూ ఎడమకే తిప్పుతాను, కుడికి తిప్పితే మెడ పట్టేస్తుంది. ఏళ్ల తరబడి అలా తిప్పేసరికి ఎడమ బ్రేకు అరిగింది. రోడ్డు మీద తొక్కినప్పుడల్లా బండి కుడికి, అంటే ఎదురొచ్చే లారీల వైపు లాగడం మొదలుపెట్టింది.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. అయిదో తరగతితో బడి మానేశాను. మిగిలినదంతా పురుగుమందు డబ్బాల మీద చదువుకున్నదే. అందుకని ఎవరినీ అడగకుండా ఆలోచించడం అలవాటైంది. స్పానరు తీసుకుని కుడి బ్రేకును వదులు చేశాను. రెండూ సమానమయ్యాయి. బండి తిన్నగా పోయింది. ఆగడమే కాస్త ఆలస్యంగా ఆగేది.

మిరప కోతల రోజుల్లో, వెనక తగిలించిన ట్రక్కులో పన్నెండు మంది ఆడవాళ్లను ఎక్కించుకుని చేనికి పోతూ, టైరులో గాలి కోసం షెడ్డు దగ్గర ఆపాను. బావ వచ్చి పెడల్ నొక్కాడు. అది అడుగుదాకా పోయింది.

"ఎవరు బాగుచేశారు బావా దీన్ని?"

"నేనే. ఒకపక్కకి లాగుతుంటే రెండూ సమానం చేశా."

"ఒక కాలు కుంటుతుంటే రెండోది విరగ్గొట్టుకున్నావా?"

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. ట్రక్కు వైపు తిరిగి, "దిగండమ్మా. ఈ బండి కదలదు" అన్నాడు.

"ఏందయ్యా, పొద్దెక్కిపోతుంటే! నువ్వొచ్చి కోస్తావా కాయలు?" అంది ముఠా మేస్త్రి. కూలీలను కూడగట్టి తెచ్చే పెద్దామె, గట్టి నోరు.

"కోస్తాలే, ముందు దిగు. ముందర కాలవ వంతెన దిగుడుంది. పన్నెండిళ్లకి నేను సమాధానం చెప్పలేను."

"ఇది నా బండి బావా" అన్నాను కోపంగా.

"బండి నీదే. ఎక్కినోళ్లు నీ సొత్తు కాదుగా."

ఆడవాళ్లు తిట్టుకుంటూ నడిచిపోయారు. నేను అలిగి బల్ల మీద కూర్చున్నాను. ఆయన వెనక చక్రాలు పైకెత్తి బ్రేకు డ్రమ్ములు విప్పాడు. డ్రమ్ముకు పట్టి చక్రాన్ని ఆపే లైనింగు ఎడమవైపు రివెట్లదాకా అరిగింది. పైగా పాడైన సీలులోంచి కారిన గేరు నూనె తాగి జిడ్డోడుతోంది. తుడిచి వేసేయమన్నాను. "తుడిస్తే పైది పోద్ది. వేడెక్కితే లోపలిది బయటికొచ్చిద్ది" అని సీలు మార్చి, రెండు పక్కలా కొత్త లైనింగులు వేశాడు. కుడిది బాగానే ఉందిగా అంటే, కొత్తదీ పాతదీ ఒకే తీరుగా పట్టవన్నాడు. పెడల్ వేలు మందం ఖాళీగా దిగి, ఆపైన పట్టేలా కడ్డీల నట్లు సరిచేశాడు. చక్రాలను చేత్తో తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాడు.

చివరికి పక్కనున్న మట్టిదారిలో నన్నే బండి తోలి, ఒక్కసారిగా బ్రేకు తొక్కమన్నాడు. దుమ్ములో రెండు చక్రాలూ ఈడ్చిన గీతలు పడ్డాయి. గొంతుక్కూర్చుని వాటిని జానతో కొలిచాడు. ఎడమది నాలుగు వేళ్లు తక్కువ. అర చుట్టు బిగించి మళ్లీ తోలించాడు, మళ్లీ కొలిచాడు. నాలుగోసారికి సరిపోయాయి. "సమానమంటే ఇదీ" అన్నాడు.

అన్నట్టు, సాయంత్రం ఆయన నిజంగానే చేనికొచ్చి గంటసేపు కాయలు కోశాడు. మేస్త్రి ఆయన సంచిలోంచి ఎర్రబడకుండానే కోసిన పచ్చికాయలు ఏరి, మొహం ముందే పెట్టి చూపించింది.

నెలరోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు వంతెన దిగుతుంటే గేదె అడ్డం వచ్చింది. ట్రక్కులో ఆ పన్నెండు మందీ ఉన్నారు. బండి తిన్నగా ఆగింది. వెనక వాళ్లు కబుర్లు కూడా ఆపలేదు. ఆ మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లి టీ తాగి వచ్చాను. ఎందుకొచ్చావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

శ్మశానానికి ఆయన్ను పూలు కట్టిన ట్రాక్టర్ ట్రక్కులో తీసుకెళ్లారు. బండి ఎవరిదో నాకు తెలియదు. కాలవ కట్ట దిగబోతూ డ్రైవరు బ్రేకు తొక్కాడు. బండి కుడికి లాగింది. ఆపమన్నాను. "నిదానంగా పోనిస్తాలెండి" అన్నాడతను. మళ్లీ ఆపమన్నాను. బావను దింపి, మిగిలిన దూరం భుజాల మీద మోసుకెళ్లాం. డ్రైవరు చక్రం కింద రాయి పెట్టి, మా వెనక నడిచి వచ్చాడు.