ఓబులమ్మ మీగడ మానేసిన ఏడాది

ముందు మెట్ల మీద చప్పుడు వచ్చేది. మూడు గిన్నెల స్టీలు క్యారియరు ఒకసారి గోడకు, ఒకసారి ఇనుప కమ్మీకి తగులుతూ పైకెక్కే చప్పుడు. బెంగళూరు నగర్తపేటలో ఆ ఇంటి మెట్లు ఎంత ఇరుకంటే, పట్టు మూటలు మోసేవాడు దిగుతుంటే ఎక్కేవాళ్ళు గోడకు అతుక్కుని నిలబడాలి. చప్పుడు రెండో మలుపు దగ్గర కాసేపు ఆగేది. అక్కడ ఒక పెద్ద ఊపిరి వినిపించేది. ఆ తర్వాత గడపలో ఓబులమ్మ, కొంగు నడుముకు బిగించి, చెప్పులు విప్పుతూ.

క్యారియరు అడుగు గిన్నెలో పెసరపిండి. నడిమి గిన్నెలో ఆముదం. పై గిన్నెలో ఆ పొద్దు తీసిన ఆవుపాల మీగడ.

పసిబిడ్డలకు నీళ్ళు పోయడం ఓబులమ్మ పని. ఆమె తాతలు అనంతపురం వైపు నుంచి మగ్గాలతో వచ్చి బెంగళూరులో నిలిచిపోయినవాళ్ళు. ఆమె కూడా పదేళ్ళు మగ్గం ముందు కూర్చుంది. కరెంటు మగ్గాలు వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం కుడిచేతి ఉంగరపు వేలు ఒక కణుపు మేర పోయింది. ఆ చెయ్యి ఇక నేతకు పనికిరాదన్నారు. పసిబిడ్డల వీపులు మాత్రం ఆ చేతిని వద్దనలేదు. తల్లి దగ్గర చూసి నేర్చుకున్న పనిని ఆమె అప్పుడు చేపట్టింది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ నడుమ లోయలో బిడ్డను బోర్లా పడుకోబెడితే, ఎంత ఏడ్చే బిడ్డయినా మూడో చెంబుకు మెత్తబడేది. ఆవిరిలో వెలుతురు తడిసి గది అంతా ఒక పెద్ద కన్రెప్పలా మూసుకునేది. ఓబులమ్మకు ఆ నిమిషం కోసమే పొద్దున లేస్తున్నట్టు ఉండేది.

తొంభై ఏడులో, శ్రావణంలో, ఆ మేడ మీద అద్దెకున్న కిరణ్మయికి ఆడపిల్ల పుట్టింది. వర్షిణి అని పేరు పెట్టారు. భర్త ఓంకార్ బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు; తెల్లవారకముందే కంపెనీ బస్సు కోసం వెళ్ళిపోయేవాడు. కిరణ్మయి తల్లి ఒంగోలులో టీచరు. సెలవు అయిపోగానే కూతురి చేతిని ఓబులమ్మ చేతిలో పెట్టి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పథ్యం ఓబులమ్మ మాట ప్రకారం నడిచింది. చారు, వెల్లుల్లి, నెయ్యి, పొద్దున ఒక చెంబు పాలు, సాయంత్రం ఒక చెంబు పాలు.

రెండో నెలలో పాప బుగ్గలు ఎర్రబడి గరుకెక్కాయి. మోకాళ్ళ వెనక, మెడ ముడతల్లో చర్మం చిట్లింది. విరేచనంలో జిగురు కనిపించసాగింది. పాలు తాగిన కాసేపటికే కాళ్ళు కడుపుకు ముడుచుకుని ఏడ్చేది.

"వంకాయ ముట్టినావా? నిజం చెప్పు," అని అడిగింది ఓబులమ్మ, పాపను కాళ్ళ మీద తిప్పుతూ.

"వంకాయ మొహం చూసి రెండు నెలలైందండీ. కల్లోకి కూడా రావట్లేదు."

"మరి సొప్పు తినింటావు. ఆకుకూర వేడి చేస్తాది."

"మీరు వద్దన్నాక ఏదీ తినలేదు. ఓబులమ్మగారూ, నాకు పాలు ఇంక సయించడం లేదు. ఒక పూట మానెయ్యనా?"

"మానేస్తే బిడ్డకేం పోస్తావు, కొళాయి నీళ్ళా? తాగమ్మా. ముక్కు మూసుకోని తాగు."

కిరణ్మయి ముక్కు మూసుకుని తాగింది. డాక్టరు పూతమందు ఇచ్చాడు. అది పూసినప్పుడు తగ్గేది, మళ్ళీ వచ్చేది. మూడో నెలలో తూకం వేస్తే పాప మూడు వారాలుగా ఏమీ పెరగలేదని తేలింది. ఆ చీటీ పట్టుకుని కిరణ్మయి కిటికీ దగ్గర కూర్చుంది. కింద వీధిలో ఎవరో పట్టు రంగులు బేరమాడుతున్నారు. ఇంత రంగుల లోకంలో తన బిడ్డ మాత్రం రోజురోజుకూ పలచనవుతోందని ఆమె అనలేదు. ఓబులమ్మకు వినబడింది.

మరునాడు నీళ్ళు పోసేటప్పుడు ఓబులమ్మ ఎప్పటికంటే ఎక్కువ మీగడ తీసుకుంది. మంట చల్లారాలని. పిండిలో కలిపి పాప వీపుకు మెత్తగా పట్టించి, చెయ్యి అక్కడే ఉంచి, మరో చేత్తో నీళ్ళు సరిచూసుకుంది. కడిగి, తుడిచి, వెలుతురుకు పట్టుకుంది.

వీపు మీద ఒక చెయ్యి మొలిచింది.

ఎర్రగా, ఉబ్బెత్తుగా, చింతపండు నీళ్ళతో గోడ మీద అచ్చు వేసినట్టు. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, పక్కన కణుపు తెగిన పొట్టి వేలు, చివర చిటికెనవేలు. ఓబులమ్మ తన అరచెయ్యి చూసుకుంది. మళ్ళీ వీపు చూసింది. ఇన్నేళ్ళూ ఎవరెవరి మీదో మోపిన నింద ఆ పొట్టి వేలి దగ్గరకొచ్చి ఆగింది. పాపకు చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, మెట్లు దిగింది.

రెండు రోజులు ఆమె మీగడ గిన్నె ఖాళీగా తెచ్చింది. వట్టి కొబ్బరినూనె రాసి పోసింది. వీపు మీద దద్దుర్లు లేవలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే సర్దుకుపోతుందేమో అనుకుంది. కానీ విరేచనంలో జిగురు అలాగే ఉంది, ఒకరోజు సన్నని ఎర్రటి చార కూడా. వంటింట్లో కిరణ్మయి ముక్కు మూసుకుని చెంబు ఎత్తుతోంది. తల్లి తాగే పాలలో ఉన్నది తల్లి పాలలోకి రాదా? వంకాయ వస్తుందని నమ్మినప్పుడు ఆవుపాలు ఎందుకు రావు? మీగడ సంగతి దాచుకోవచ్చు. ఈ చెంబు సంగతి దాచితే బిడ్డ మిగలదు.

"ఆ చెంబు కింద పెట్టు," అంది.

"తాగేస్తున్నానండీ, ఒక్క నిమిషం."

"పెట్టమంటుండా. బిడ్డను ఎత్తుకోని నాతో డాక్టరు దగ్గరికి రా."

డాక్టరు వెంకటరమణ క్లినిక్ అవెన్యూ రోడ్డులో, పుస్తకాల కొట్ల మధ్య ఉండేది. ఓబులమ్మ ఆ గడప తొక్కడం అదే మొదలు. ఆయన్ని ఆమె మందుసీసా డాక్టరు అనీ, ఆమెను ఆయన ఆముదం అమ్మ అనీ ఇరవై ఏళ్ళుగా పిలుచుకుంటున్నారు, ఒకరి చాటున ఒకరు.

"ఏమమ్మా, దారి తప్పినావా?" అన్నాడు.

"తప్పింది దారి కాదులే సారూ." ఆమె కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది. "మీగడ పూస్తే ఈ చెయ్యి ఇట్లే బిడ్డ వీపున తేలింది. పొట్టి వేలుతో సహా. నూనె పూస్తే తేలలే. ఈయమ్మకు దినానికి రెండు చెంబుల పాలు తాగమని చెప్పింది కూడా నేనే."

కిరణ్మయి ఆమె వైపు తిరిగింది. డాక్టరు కలం మూసి పెట్టాడు. చాలాసేపు ప్రశ్నలు అడిగాడు. ఎప్పుడు పూశారు, ఎంతసేపటికి తేలింది, నెయ్యి ఎంత, పెరుగు ఎంత. చివరికి అన్నాడు, "ఇప్పుడే తేల్చి చెప్పను. ఆవుపాలు కొందరు బిడ్డలకు పడవు. అది పేగుల్లోనూ కనిపిస్తుంది, చర్మం మీదా కనిపిస్తుంది. తల్లి పాలు మాత్రం ఆపవద్దు. తల్లి మూడు వారాలు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి మానెయ్యాలి. క్యాల్షియం మాత్రలు రాస్తాను. మిగతా కూరలన్నీ తినమ్మా, వంకాయతో సహా. చెడుగా అనిపిస్తే మూడు వారాలు ఆగకుండా తీసుకురండి. ఆముదం అమ్మా, నాలుకకు వస అరగదీసి రాస్తావు గదా, అది కూడా ఆపు."

"అదెందుకు సారూ? అది మా అమ్మ నాటిది."

"మీగడ ఎవరి నాటిది?"

ఓబులమ్మ బల్ల మీది చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇద్దరూ బయటికొచ్చారు. పాత పుస్తకాల దుమ్ము వాసన వాళ్ళతో పాటే నడిచింది. "రేపటి నుంచి వేరే మనిషిని చూసుకో తల్లీ," అంది ఓబులమ్మ.

"మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికి తెలిసేదండీ?" అంది కిరణ్మయి. కోపం ఉంది ఆ గొంతులో, అయినా చెయ్యి మాత్రం ఓబులమ్మ మోచెయ్యి పట్టుకుంది, రోడ్డు దాటడానికి. "రేపు ఏడింటికి నీళ్ళు పెడతాను. రండి."

మూడు వారాలు. ఇంట్లో ఓబులమ్మ వదిన సత్యభామ ఊరుకోలేదు. "పాలు తాగొద్దని చెప్తుండావంట? రేపు బిడ్డలకు నీళ్ళే పోయొద్దంటావేమో."

"పడని బిడ్డకే వద్దన్నా వదినా. నువ్వు తాగు. నీకు పడతాది, ఒళ్ళు చూస్తేనే తెలుస్తుండాది."

నవ్వించినా ఆమె లోపల నవ్వు లేదు. రోజూ పొద్దున పాపను వెలుతురుకు పట్టుకుని మెడ ముడతలు విప్పి చూసేది. మొదటి వారం ఏమీ మారలేదు. రెండో వారం జిగురు తగ్గింది. పాప కాళ్ళను సైకిలు తొక్కినట్టు కడుపు దాకా మడిచి చాపుతుంటే, ఒకరోజు పాప ఏడవకుండా గాలి వదిలి, తానే ఆశ్చర్యపోయినట్టు చూసింది. కిరణ్మయి నవ్వు ఆపుకోలేకపోయింది. నెలల తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. మూడో వారం చివర తూకపు ముల్లు కదిలింది. అరకిలోకు కొంచెం తక్కువ పెరిగింది. వాన వెలిసిన గోడలా బుగ్గలు మెల్లగా తమ రంగుకు తిరిగొచ్చాయి.

ఆ సాయంత్రం ఓబులమ్మ ఇంటికి వెళ్ళలేదు. పక్క వీధిలో పద్మావతి ఇంటికి వెళ్ళింది. పదిహేనేళ్ళ కింద పద్మావతి కొడుకు గిరీష్‌కు ఇలాగే ఒళ్ళు పగిలితే, తల్లి తిన్న కారమే కారణమని చెప్పింది ఓబులమ్మే. ఆ మాట పట్టుకుని అత్త పద్మావతికి మూడు నెలలు చప్పిడి కూడు పెట్టింది.

"ఆ పొద్దు నీదేమీ తప్పు లేదేమో పద్మా. నా మీగడదే అయ్యుండొచ్చు," అంది గుమ్మంలో నిలబడి.

పద్మావతి చేటలోని బియ్యం పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్తుండావా అక్కా? వానికి మీసాలొచ్చినాయి." కళ్ళు ఒత్తుకుని, "మా అత్త బతికుండగా చెప్పింటే బాగుండు. రా, లోపలికి రా. కారంగా ఉప్పిండి చేసినా, తిను," అంది.

వర్షిణికి మూడో ఏట, డాక్టరు ఎదుటే, చెంచాడు పెరుగు రుచి చూపించారు. ఏమీ కాలేదు. కానీ ఓబులమ్మ క్యారియరులోకి మీగడ గిన్నె మళ్ళీ రాలేదు. కొత్త బిడ్డ దగ్గరికి వెళితే మొదటిరోజు నీళ్ళు పోయదు. పిండి, నూనె ఒక్కో చుక్క మోచేతి మడతలో పెట్టి, మరునాడు వచ్చి చూస్తుంది. తల్లి ఏం తిన్నదని అడుగుతుంది, తిట్టడానికి కాదు. విరేచనంలో జిగురు ఉందంటే బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాకే చెంబు ముట్టుకుంటుంది. రెండు వేల ఆరు నాటికి మహదేవపుర అపార్టుమెంట్ల నుంచి ఆమె కోసం కార్లు వచ్చేవి. లిఫ్టులో క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, అద్దంలో తనను తాను కొత్త మనిషిలా చూసుకునేది. బాత్‌టబ్ చూసి, "దీంట్లో బర్రెను కడగొచ్చు," అని, పీట అడిగేది.

ఆ ఏడాదే తన కథ రాసుకోవడానికి వచ్చిన ఒకతనికి ఆమె మధ్యాహ్నమంతా చెప్పింది. అతను పుస్తకం మూసి లేచేటప్పుడు, ఆమె గుమ్మం దాకా వచ్చి ఆపింది.

"నా చెయ్యి మంచిదని రాస్తావేమో. ఆ అచ్చు సంగతి కూడా రాయప్పా. అది రాయకుంటే, చదివినోళ్ళు మళ్ళా మీగడే పూస్తారు."