పాప ఒడిలో పెట్టిన గుడ్డ

అనుమానం నాకు పాపతోపాటే పుట్టింది. అంతకు ముందు నేనిలా ఉండేదాన్ని కాదు. పాలామె చెంబు వంచుతుంటే ధార ఎంత చిక్కగా పడుతోందో చూడటం, మందుల షాపులో సీసా మూతను గోటితో గీకి చూడటం, పాపను ఎవరెత్తుకున్నా ముందు వాళ్ల చేతుల వైపు చూడటం, ఇవన్నీ పెనుకొండలోని మా అద్దె ఇంట్లో, ఎనభైల మొదట్లో మొదలయ్యాయి. మా అత్త నవ్వేది.

“నీకు తగిన ఉద్యోగమే దొరికింది లేమ్మా. దుడ్లిచ్చి మరీ అనుమానపడమంటాండారు.”

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నేను ధర్మవరంలో ఒక పట్టునూలు కంపెనీలో పనిచేసేదాన్ని. హిందూపురంలో నూలుకు పురిపెట్టే చిన్న చిన్న యూనిట్ల దగ్గర మా యజమాని సరకు కొని, ధర్మవరం మగ్గాలవాళ్లకు ఇచ్చేవాడు. నేను హిందూపురం పోయి, నూలు మంచిదో కాదో చూసి, చిలపలను, అంటే నూలు చుట్టలను, మూట కట్టించి, పైన గుడ్డ కుట్టించి పంపాలి. మూట ధర్మవరం చేరాక నేతగాడి ఎదుట విప్పేదాకా కుట్టు ఊడకూడదు. మావారు పెనుకొండలో మాస్టరు. ఇల్లు రెండు ఊళ్లకూ నడుమ ఉంది కాబట్టి ప్యాసింజరు బండిలో ఒకరోజు కిందికి, ఒకరోజు పైకి తిరిగేదాన్ని.

బీఎస్సీలో కెమిస్ట్రీ చదివానని నన్ను తీసుకున్నారు గాని ఉద్యోగం పర్మనెంటు కాలేదు. నాణ్యత పరిశీలనలో బెంగళూరు వాళ్లు పెట్టే పరీక్ష ఒకటి ఉంది. పాఠాలు పోస్టులో వస్తాయి. అది పాసైతే పర్మనెంటు చేస్తానని యజమాని చెప్పాడు. ఆ మాటతోపాటు ఇంకోటి కూడా చెప్పాడు.

“నీకు ముందున్న అతన్ని ఎందుకు పంపించేసినానో తెలుసు గదమ్మా? సప్లయర్ల ఇండ్లల్లో చీరలు, గుడ్డలు తీసుకుంటాండె. నీ మీద అట్లాంటి మాట నా చెవిన పడకూడదు.”

పడదని చెప్పాను. అప్పుడు నాకది పెద్ద కష్టమైన సంగతిగా తోచలేదు.

కష్టం నూలులో ఉంది. కొన్నాళ్లుగా మగ్గాలవాళ్లు గొడవ చేస్తున్నారు. నూలుకు రంగు వేసి నేస్తే చీరలో అక్కడక్కడ పాలిపోయిన గీతలు కనిపిస్తున్నాయి. రంగు వేసేవాడి తప్పని కొందరు, నీళ్ల తప్పని కొందరు అన్నారు. నాకు మాత్రం పట్టులో ఎవరో ఆర్ట్ సిల్కు, అంటే నకిలీ పట్టు, కలుపుతున్నారనిపించింది. తెల్లగా ఉన్నంతసేపూ రెండూ ఒకలాగే మెరుస్తాయి. పట్టుకు వేసే రంగు దానికి పట్టదు. ఆ గీతలున్న నూలంతా హిందూపురంలో ఒకే యూనిట్‌ది. దాన్ని సరేనని పంపింది నేను. నేను కళ్లు మూసుకుని పంపానా, ఎవరైనా మూయించారా అని యజమాని అడిగే రోజు దగ్గర్లోనే ఉందని నాకు తెలుసు.

ఆ యూనిట్ ఒక సాయిబుది. ముందు షెడ్డు, వెనక ఇల్లు. ఆయన మర్యాదస్తుడు. నేను వెళ్లేసరికి మూటలు వరసగా పెట్టి ఉంచేవాడు.

“యాడ కావల్లంటే ఆడ తీసి చూడమ్మా” అనేవాడు.

ఆ మాటే నాకు అనుమానం. ఎక్కడ తీసినా బాగుండేలా సర్దిపెట్టినవాడు తప్ప అంత ధీమాగా ఎవరంటారు? నేను పై చిలప వదిలి అడుగుది లాగేదాన్ని. బాగుండేది. నడుమది లాగేదాన్ని. అదీ బాగుండేది. ఆయన ముఖం చూసేదాన్ని. ముఖంలో ఏమీ ఉండేది కాదు. అదీ అనుమానమే.

పాప పాలు మానలేదు కాబట్టి వెంట తీసుకెళ్లేదాన్ని. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు షెడ్డు చప్పుడుకు అది ఏడుపు అందుకుంది. లోపలినుంచి ఆయన భార్య వచ్చి ఎత్తుకుపోయింది. నేను చిలపలు చూస్తున్నానన్న మాటేగాని చెవులు లోపలే ఉన్నాయి. ఏడుపు ఆగింది. ఎందుకాగింది? పని సగంలో వదిలి లోపలికి పోయాను. పాప ఆమె ఒడిలో కూర్చుని గిన్నె మీద గరిటెతో కొడుతోంది.

“కూచో చెల్లీ. నీ బిడ్డను నేనేం ఎత్తుకపోను. ఉండేవాళ్లకే అన్నం వండలేక చస్తాండా” అంది ఆమె.

నేను బయలుదేరేటప్పుడు ఆమె ట్రంకు పెట్టె తెరిచింది. అందులో రవికె గుడ్డలు దొంతరగా ఉన్నాయి. పైవి నాలుగైదు ఎత్తి పక్కన పెట్టి, అడుగునుంచి ఒకటి తీసింది. ముదురు ఎరుపు పట్టు. వాళ్లింట్లో కుంకుమ పెట్టుకోరు. అయినా మావాళ్లొస్తే ఇవ్వడానికని చిన్న భరిణె ఒకటి అలమారలో ఉంచుకున్నారు. అది తెచ్చి నన్నే బొట్టు పెట్టుకోమని, గుడ్డ మాత్రం నాకివ్వకుండా పాప ఒడిలో పెట్టింది.

“వద్దక్కా. మా ఆఫీసులో ఒప్పుకోరు.”

“నీకెవరిచ్చినారు? బిడ్డ మొదటిసారి ఇంటికొచ్చింది. ఒట్టి ఒడితో పంపిస్తారా ఎవురైనా?”

పాప ఆ గుడ్డను రెండు చేతులతో పట్టుకుని నోట్లో పెట్టుకుంది. బొట్టుతో ఇచ్చినదాన్ని బిడ్డ చేతిలోంచి లాగి తిరిగివ్వడానికి నాకు చెయ్యి రాలేదు. నేను చదువుకున్నదాన్నే. అయినా పాపకు మొన్నటిదాకా జ్వరం. లంచమైతే నాకు తగులుతుంది, వద్దంటే ఆ కీడు పాపకు తగులుతుంది అనిపించింది. షెడ్డు ముందు ఆగి ఉన్న లారీ పక్కగా, గుడ్డ సంచిలో వేసుకుంటూ స్టేషన్‌కు నడిచాను. దారంతా ఎవరో చూస్తున్నారనే అనిపించింది.

బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. సంచిలోంచి గుడ్డ తీసి ఎండకు పట్టాను. ఎరుపులో, సన్నగా, వెలిసిపోయిన గీత. ఇంకోచోట మరోటి.

ఇంటికి రాగానే అంచునుంచి ఆ పాలిపోయిన పోగులు సూదితో లాగి, పొయ్యి దగ్గర కాల్చాను. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఇది కాగితంలా భగ్గున కాలింది. కాగితం వాసనే. పక్కనున్న ఎర్రపోగు కాల్చాను. వెంట్రుక వాసన.

దొంగ దొరికాడనుకున్నాను. మరుక్షణమే ఇంకోటి తోచింది. ఈ గుడ్డ యజమాని ముందు పెడితే ఆయన అడిగే మొదటి మాట, “ఇది నీకెట్లొచ్చింది?” వాళ్ల మీద నాకున్న సాక్ష్యమూ, నా మీద వాళ్లకున్న సాక్ష్యమూ ఒకటే గుడ్డ. అందుకే ఇచ్చారా? గుడ్డను పప్పు డబ్బా వెనక దాచాను. మావారికి కూడా చెప్పలేదు.

తర్వాతి వారం హిందూపురం వెళ్లినప్పుడు ఆమెను అడిగాను, ఆ రవికె గుడ్డ ఏ నూలుతో నేయించారని. ఆమె భర్త షెడ్డులోంచి విని తానే జవాబు చెప్పాడు.

“మీ కంపెనీ వాపసు పంపిన నూలేనమ్మా. గీతలు పడతాండాయని మిగిలిన మూట మా మొగాన కొట్టినారు గదా. పారేసేకి మనసు రాక మా బావమరిది మగ్గం మీద గుడ్డలు నేయించినాము.”

“మీరు పంపిన నూలే కదా అది.”

“మేము పంపింది ఒకటి, తిరిగొచ్చింది ఒకటి. చెప్తే ఎవురు నమ్ముతారు? గట్టిగా మాట్లాడితే ఉండే బేరం గూడా పోతుందని గమ్మునుండా.”

నేనూ నమ్మలేదు. దొరికినవాళ్లందరూ అనే మాట అదే. అయితే నమ్మకపోవడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు. ఉయ్యాల ఊపుతూ చదివే పాఠాల్లో ఒకచోట ఇదే ఉంది: సరకు పంపేవాణ్ణి తప్పుపట్టే ముందు తప్పు అతని దగ్గర చేరిందా, దారిలో చేరిందా, మన గుమ్మం లోపల చేరిందా విడదీసి చూడాలి. మన గుమ్మం లోపల అనే మాట దగ్గర ఆగాను. మా స్టోరు చూసేది యజమాని బావమరిది. హుషారైన మనిషి. పాపకు బిస్కట్లు కొనిపెట్టేవాడు. అప్పటిదాకా ఆయన్ని నేను అనుమానించనే లేదని గుర్తొచ్చి, నా మీద నాకే అనుమానం వచ్చింది.

విడదీయడం ఎలాగో పాఠంలో లేదు. అది మా అత్త చేతిలో కనిపించింది. దిష్టి తగలకుండా పాపకు మొలతాడు మారుస్తోంది. నల్లదారం ఉండ ఆమె ఒడిలో ఉంది. ఆమె లేచాక ఆ ఉండలోంచి కొంత తెంపి సంచిలో వేసుకున్నాను.

ఈసారి హిందూపురంలో మూటలు కడుతున్నప్పుడు, చూసే నెపంతో ఒక్కో మూట నడుమ చిలపకు నల్లదారం ముక్క కట్టాను. విప్పి చూస్తే తప్ప కనిపించదు. సాయిబుకు చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు. మూటలు నా ఎదుటే కుట్టించి, లారీకి ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.

“ఏమ్మా, ఈసారి లారీకి గూడా తాళిబొట్టు కట్టి పంపేట్టుండావే” అన్నాడు డ్రైవరు. నేను నవ్వలేదు.

నా ఆలోచన చాలా మామూలుది. మూటలు నేతగాళ్ల ఎదుట విప్పినప్పుడు నేనూ ఉండి, దారాలున్నాయో లేవో చూసుకోవాలి. దారాలుండీ కల్తీ ఉంటే సాయిబు దొంగ. లేకపోతే దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. కాని అంతదాకా రానేలేదు.

రెండు రోజుల తర్వాత ధర్మవరం ఆఫీసుకు వెళ్లేసరికి యజమాని గదిలోంచి స్టోరు ఆయన గొంతు వినిపిస్తోంది. నన్ను చూసి గొంతు ఇంకా పెంచాడు.

“ఇదో, ఈమెనే అడుగు బావా. ఆ సాయిబు దగ్గర సరకు ఇంక వద్దని ఎన్నిసార్లు చెప్పినా? ఈసారి మందు పెట్టి, చేతబడి చేసి పంపినాడు. మూట నడుమ నల్లదారం. ముడేసి కట్టినాడు. అది ముట్టినప్పటినుంచి నాకు ఒళ్లంతా ఒకటే వేడి.”

యజమాని దేవుడంటే భయమున్నవాడు. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు. “ఏ మూటలో?”

“రెండు మూటల్లో చూసినా. మనల్ని కట్టేసేకే చేసినాడు.”

మాట్లాడితే ఏమవుతుందో తెలుసు, ఆయన యజమానికి సొంత బావమరిది. మాట్లాడకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

“సార్, ఈ లోడు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా?” అన్నాను.

“ఇంకా ఇయ్యల్యా. రేపు ఇయ్యల్ల.”

“మరి కుట్టు విప్పకుండా నడుమ చిలపకు ఏముందో ఈయనకెలా తెలిసింది?”

స్టోరు ఆయన నా వైపు చూశాడు, బావ వైపు చూశాడు. “కుట్టు ఊడింటే… చూసినా” అన్నాడు.

“రెండు మూటలకూనా?” అన్నాడు యజమాని, చాలా మెల్లగా.

దారాలు కట్టింది నేనేనని అప్పుడు చెప్పాను. యజమాని లేచి మూటలు తన ఎదుటే విప్పించాడు. కొన్నిటిలో దారం ఉంది. కొన్నిటిలో లేదు. లేని మూటల్లోంచి పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూపించాను. కాగితం వాసన.

స్టోరు ఆయన వేడి అంతా ఇప్పుడు నా మీదికి తిరిగింది. “ఈమె మాత్రం తక్కువా? సాయిబింట్లో పట్టుగుడ్డ తెచ్చుకున్యాది. లారీవాడు చెప్పినాడు నాకు.”

ఆ గుడ్డ నా సంచిలోనే ఉంది. లారీ కదిలిన రోజునుంచి దాన్ని పప్పు డబ్బా వెనకనుంచి తీసి వెంట తిప్పుతున్నాను, ఏదో ఒకరోజు అడుగుతారని. తీసి బల్ల మీద పెట్టాను.

“తెచ్చుకున్నాను సార్. పాప ఒడిలో పెట్టి ఇచ్చారు. కాదనలేకపోయాను. గుమ్మం దగ్గర వెలుతురులో చూడండి. మనం వాళ్లకు వాపసు పంపిన నూలు ఇది.”

ఆయన చూశాడు. గుడ్డను మడిచి నా చేతికే ఇచ్చాడు.

“నాకు ముందే చెప్పుండల్ల నువ్వు.”

“చెప్తే నమ్మేవాళ్లా సార్?”

“పరీక్ష పాసై రాపో. చూద్దాం” అన్నాడు. ఆ తర్వాత బావమరిది స్టోరులో కనిపించలేదు. చీరల దుకాణంలో కూర్చుంటున్నాడని, గల్లా మాత్రం ఇవ్వలేదని విన్నాను. సాయిబు సరకు ఆగలేదు. స్టోరు తాళం చెవి ఒకటి నా దగ్గరికి వచ్చింది. రెండోది ఎవరి దగ్గర ఉందో యజమాని నాకు ఎప్పుడూ చెప్పలేదు.

బెంగళూరు పరీక్షలో, సరకు పంపేవాళ్లు బహుమతి ఇస్తే ఏం చేయాలని అడిగారు. తీసుకోరాదు, పైవారికి తెలపాలి అని పాఠంలో ఉన్నట్టే రాశాను. పాసయ్యాను. ఉద్యోగం పర్మనెంటు అయ్యింది. ఇప్పుడు పాప బడికి పోతోంది. అది నిద్రపోయాక ఇది రాస్తున్నాను, ఒక్క సంగతి ఇప్పటికీ తెగలేదు కాబట్టి.

ఫలితం వచ్చిన వారం హిందూపురం వెళ్లినప్పుడు ఆమెను అడిగాను.

“అక్కా, ఆ గుడ్డలో గీతలున్నట్టు నీకు ముందే తెలుసా?”

ఆమె పాపకు రొట్టె తుంచి పెడుతోంది. తలెత్తకుండానే నవ్వింది.

“ఇచ్చిన గుడ్డకు గూడా ఇన్‌స్పెక్షనా చెల్లీ?”

అంతే అంది. నేను ట్రంకు పెట్టె వైపు చూశాను. సరకు చూపించేవాళ్లు ఎప్పుడూ పైది తీసి చూపిస్తారు. ఆమె ఆ రోజు పైవన్నీ ఎత్తి పక్కన పెట్టి, అడుగునుంచి ఆ గీతల గుడ్డే ఏరి తీసింది.