కట్ట మీద ఏటవాలు గీత

సౌదీలో దమ్మాం వెళ్లే రైల్లో నా ఒడిలోని అట్టముక్కలన్నీ జారి కింద పడ్డాయి. డబ్బిచ్చి కొనడం దండగని, ఖర్జూరం డబ్బాలు కత్తిరించి మనవరాలికి నేర్పడానికి అక్షరాలు రాశాను. నేను చదివింది రెండో తరగతే. వరస పోతే మళ్లీ పేర్చడం నాకు రాదు.

ఎదురు సీట్లో కూర్చున్న తెల్లజుట్టావిడ అన్నీ ఏరి వరసగా పేర్చింది. పెన్సిల్ తీసి, కట్ట పక్క అంచుల మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా గీత గీసింది.

"ఇక పడినా భయం లేదు వదినగారూ. గీత కలిసేలా పేర్చుకుంటే వరస అదే వస్తుంది."

"ఎక్కడ నేర్చారమ్మా ఇది?"

"పాతకాలం కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాసేదాన్ని. అప్పట్లో అట్టలకి చిల్లులు పొడిచి, వరస తప్పకుండా మిషన్‌కి ఇచ్చేవాళ్లం. ఓరోజు చీర కాళ్లకి అడ్డంపడి కట్టంతా మెట్ల మీద పడేశాను. ఆడవాళ్లకెందుకీ పనని మగాళ్లు నవ్వారు. మర్నాటి నుంచీ గీత గీశాను."

"మరి వాళ్లో?"

"వారం తిరక్కుండా వాళ్లూ గీశారు!"

పెన్సిల్ నాకే ఇచ్చేసి హుఫుఫ్ స్టేషన్లో దిగిపోయింది.

మనవరాలి చేతుల్లో నలిగి ఇప్పుడా గీత చెరిగిపోయింది. మళ్లీ గీయమని అది పెన్సిల్ తెస్తే వద్దని కసిరాను. అట్టలు కింద కుమ్మరించి, గీత లేకుండానే ఇద్దరం పోటీపడి పేరుస్తున్నాం. ఈమధ్య నేనే గెలుస్తున్నాను.