హేరోదు సిపాయిల సెల్యూట్

మా చిన్నప్పుడు... డిసెంబర్ రాగానే డాడీ మంచం కింది నల్ల ట్రంకుపెట్టె మా మిద్దె మీదికి చేరేది. మూత తీస్తే చాలు, కలరా ఉండల వాసన అమీర్‌పేటలోని మా గల్లీ మొత్తం చుట్టి వచ్చేది!

డాడీ మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. పంజాగుట్టలో సెక్యూరిటీ సూపర్‌వైజరు ఉద్యోగం. క్రిస్మస్‌కి ముందు వచ్చే సెలవు రోజున మాత్రం ఆ పెట్టెలోని సామానంతా ఎండలో పరిచేవాడు. చెట్ల ఆకుల్లాంటి మచ్చల చొక్కా, ఆలివ్ రంగు చొక్కాలు, మోకాళ్ల కింది దాకా వచ్చే ఊలు కోటు, అన్నం తినే సొట్టలు పడ్డ మెస్ టిన్ను, గుడ్డ తొడుగున్న నీళ్ల బాటిలు... ఇంకా సూది, దారం, బొత్తాలు పెట్టుకునే ఒక చిన్న గుడ్డ సంచి. మిలిటరీలో దాన్ని హౌస్‌వైఫ్ అంటారట. మమ్మీ ఏటా దాన్ని చేత్తో పట్టుకుని, "నాకంటె ముందుగాల ఇదే వచ్చింది మీ డాడీ దగ్గరికి" అని దెప్పేది. డాడీ వినబడనట్టు బెల్టు బిళ్ల తోముకుంటూ ఉండేవాడు.

ఒక ఏడాది మా చర్చిలో సండే స్కూల్ పిల్లల నాటకం. ప్రతిసారీ హేరోదు రాజు సైనికులకు అట్టముక్కల టోపీలే. ఈసారి మా టీచర్ సుశీల ఆంటీ నేరుగా మా మిద్దె ఎక్కేసింది.

"అన్నా, జర ఆ మిల్ట్రీ బట్టలు ఇస్తరా? పిల్లలు మంచిగ కనబడ్తరు."

డాడీ మచ్చల చొక్కా తీసి దుమ్ము దులిపాడు. "ఇస్త గని, గీ బట్టలేసుకున్నోళ్లు సిపాయిలెక్క నడవాలె. వీటిని చూసి ఎవలూ నవ్వొద్దు. నడక నేనే నేర్పిస్త."

నేను ప్రతి ఏడూ దేవదూతనే... తెల్ల ఫ్రాకు, వీపు గీరుకుపోయే అట్ట రెక్కలు, నోరు తెరవకుండా నిలబడటం. ఆ మచ్చల చొక్కా ఒక్కసారి వేసుకుంటే చాలు, ఇంకేమీ అడగనని రోజూ ప్రార్థనలో చెప్పుకునేదాన్ని. సైనికుల లైన్లో నేనూ వెళ్లి నిలబడ్డాను.

మచ్చల చొక్కా ముందు నడిచే నాయకుడికి, మిగతావాళ్లకు ఆలివ్ చొక్కాలు. డాడీ ముందుగా బ్లేడు తెచ్చి, మచ్చల చొక్కా చేతి మీదున్న మూడు ఫీతీల కుట్లు విప్పేశాడు. "ఇవి సంపాయించుకునేటివి. నాటకానికి ఇచ్చేటివి కావు," అన్నాడు. ఫీతీలంటే హవల్దారు హోదా పట్టీలు. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక మొదలైంది కవాతు! మగపిల్లలంతా కుడి కాలుతో పాటు కుడి చెయ్యే ఊపేస్తున్నారు. డాడీ తల పట్టుకున్నాడు. నేను మాత్రం పుట్టినప్పటి నుంచీ ఆయన నడక చూస్తున్నదాన్నాయె... తేలిగ్గానే వచ్చేసింది.

"గిది ముందు నడుస్తది," అన్నాడు డాడీ.

"ఆడపిల్ల గదన్నా," అంది ఆంటీ.

"పరేడ్ల ఆడ, మగ లేదమ్మా. ఎడమ, కుడి. గంతే."

ఆ మాటకు నేను రెక్కలు లేకుండానే ఎగిరాను.

పెద్ద ఆఫీసరు ముందు నుంచి పోయేటప్పుడు నాయకుడు "దాహినే దేఖ్" అని అరిచి సెల్యూట్ చేయాలి, వెనకవాళ్లు తలలు కుడివైపు తిప్పాలి. అది లేకపోతే కవాతే కాదని డాడీ పట్టుదల. మిద్దె మీద నీళ్ల ట్యాంకే మాకు ఆఫీసరు. రోజూ సాయంత్రం ఆ ట్యాంకుకు సెల్యూట్లు కొట్టీ కొట్టీ నాకది అలవాటైపోయింది.

నాటకం రోజు రానే వచ్చింది. చొక్కా నా మోకాళ్ల దాకా ఉంది, బెల్టు నడుము చుట్టూ రెండు చుట్లు తిరిగింది. అయినా నా అంత గొప్పవాళ్లు ఆ హాల్లో లేరు! హేరోదు వేషంలో ఉన్న ప్రకాశన్న, "బేత్లెహేముకు పొండి... ఆ శిశువును చంపండి" అని గర్జించాడు. మేము ధన్ ధన్‌మని బయలుదేరాం. స్టేజీకి కుడివైపున, సరిగ్గా మా నీళ్ల ట్యాంకు ఉండాల్సిన చోట, పశువుల తొట్టి... అందులో బాలయేసు బొమ్మ...

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "దాహినే... దేఖ్!"

ఫటామని సెల్యూట్ కొట్టాను. వెనక తలలన్నీ ఒక్కసారే తిరిగాయి.

ప్రకాశన్న కిరీటం సర్దుకుంటూ, "అరే, పిల్లగాన్ని చంపనీకి పంపిస్తే సలాం కొడ్తరేంది!" అన్నాడు. హాలు హాలంతా పగలబడి నవ్వింది. పాస్టర్ గారు చేతిరుమాలుతో కళ్లు తుడుచుకున్నారు. తొట్టి పక్కన మరియమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

నాకు మాత్రం ఏడుపొచ్చేసింది. ఎవరూ నవ్వకూడదని డాడీ పెట్టింది ఒకే ఒక్క షరతు. తెర వెనకకి పరుగెత్తి చొక్కా బొత్తాలు విప్పడం మొదలుపెట్టాను, ఆయన వచ్చి అడిగేలోపే ఇచ్చేద్దామని. డాడీ వచ్చాడు. నా చేతులు పక్కకు జరిపి బొత్తాలు మళ్లీ పెట్టాడు.

"సెల్యూట్ల తప్పేమన్న ఉన్నదా?" అన్నాడు.

"లేదు డాడీ..."

"మరెందుకు ఏడుస్తున్నవ్? పెద్ద ఆఫీసరుకే కొట్టినవ్ గదా, బిడ్డా."

అని ఆయనే నవ్వడం మొదలుపెట్టాడు... గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని. యూనిఫాం దగ్గరుండగా డాడీ అలా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మరుసటి ఏడాది నుంచి మా చర్చి నాటకంలో హేరోదు సైనికులు తొట్టి ముందు సెల్యూట్ చేయాల్సిందే, జనమే అడిగేవాళ్లు. ఆ కవాతు నేర్పడానికి డాడీ మోకాళ్ల నొప్పితో కూడా వచ్చేవాడు.

ఇప్పుడు మెట్రో స్టేషన్ కింద తోపుడు బండి మీద కూడా మచ్చల ప్యాంట్లు అమ్ముతున్నారు. నాటకం డ్రస్సులు అద్దెకు తెస్తున్నారు. మొన్న క్రిస్మస్‌కి వెళ్లి చూశాను... సైనికులు తళతళలాడే కవచాలతో వచ్చారు, తొట్టి పక్క నుంచి చూడకుండానే వెళ్లిపోయారు. వెనక వరుసలో కూర్చున్న నా చెయ్యి మాత్రం నుదుటి దాకా లేచింది.

మీ ఇంట్లోనూ డాడీదో, తాతదో అలాంటి యూనిఫాం ఉండేదా? వేసుకుని ఏం ఘనకార్యం చేశారో చెప్పండి... నవ్వుకుందాం.