వీడియోగేం బోర్డు మీద నేను గీసిన మొహం

ఎన్నేళ్లుగానో ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకోలేదు. ఎవరికీ చూపించలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఆదోనిలో బోర్డులు రాసే పెయింటర్ని. ఖాజా కూడా అంతే. ఇద్దరం ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం, ఒకే డబ్బాలో బ్రష్షులు కడుక్కున్నాం. చేయి మాత్రం వాడిది వేరు. నాకు మొహాలు కుదరకపోతే, వెలుతురు ఎటునుంచి పడుతుందో ముందు చూసుకోమని నేర్పింది వాడే. వాడి ఎడమ చెంప మీద, పెదవి పక్కన, బొల్లి మచ్చ ఉండేది. వాడు దాన్ని దాచుకునేవాడు కాదు. నేనూ పట్టించుకోలేదు.

పట్టించుకోలేదంటున్నానే, నిజమేనా?

ఎనభైల చివర్లో ఒక పత్తిమిల్లు గోడ మీద అక్షరాలు రాశాను. యజమాని వచ్చి చూసి, నా ముందే సున్నం కొట్టించి, ఖాజాను పిలిపించాడు. ఖాజా రాశాడు. నాకన్నా ఎంతో బాగా రాశాడు. సాయంత్రం నాకు టీ కూడా తాగించాడు. ఆ టీ తాగుతూ వాడిని ఎంత అసహ్యించుకున్నానో తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. తప్పు వాడిదా? సున్నం కొట్టించింది వాడా?

ఆ రోజుల్లోనే సినిమాహాలు పక్క సందులో రామప్ప అనే ఆయన వీడియోగేముల కొట్టు తెరిచాడు. బెంగుళూరు నుంచి పాత మిషన్ ఒకటి తెచ్చాడు. తుపాకి ఆట. తెర మీద మనవాడి వీపు కనిపిస్తుంది. వాడు ముందుకు నడుస్తుంటే ఎదురుగా దుండగులు లేస్తారు, కాల్చాలి. అంతే. అంత దిక్కుమాలిన ఆట నేను మళ్లీ చూడలేదు. ప్రతి వీధీ ఒకటే వీధి. ప్రతి దుండగుడూ కళ్లూ ముక్కూ లేని ఒకటే ముద్ద. బటన్ నొక్కిన ఎంతసేపటికో గుండు బయటికొచ్చేది, దోమ రొద లాంటి చప్పుడుతో. మొదట్లోనే కుర్రాళ్లు పెదవి విరిచారు. "బళ్లారిలో ఉండేదానికి ఇది నకలన్నా. ఆడైతే మనిషి పరిగెత్తుతాడు, ఈడ కాళ్లీడుస్తాండాడు" అని రామప్ప ముందే అనేసి పోయారు.

రామప్ప నా దగ్గరికి వచ్చాడు. "మిషన్ మీదికి పెద్ద బోర్డు ఏయప్పా. విలన్ మొగము సూస్తానే కాల్సాలనిపించల్ల" అన్నాడు.

ఎవరి మొహం వేయమన్నాడు? ఎవరిదైనా సరే. నేను ఖాజా మొహం వేశాను. చేయి జారి పోలిక వచ్చిందని చెప్పుకోవడానికి లేదు. ఆ ముక్కు, ఆ నుదురు, ఎడమ చెంప మీద ఆ తెల్లమచ్చ, అన్నీ తెలిసి వేశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా జన్మలో అంత బాగా కుదిరిన మొహం ఇంకొకటి లేదు.

జనం ఎగబడ్డారు. ఆట మారలేదు, అదే నకలు, అవే ముద్దలు. కానీ పైన బోర్డు చూసి కింద కాల్చేవాళ్లకు ప్రతి ముద్దా ఖాజా అయిపోయింది. "బొల్లోడు సచ్చినాడు" అన్న కేకలు వీధిలోకి వినిపించేవి.

ఒక మధ్యాహ్నం ఖాజా వచ్చాడు. కొట్టు ఖాళీగా ఉంది. నేను బోర్డు అంచుకు రంగు సరిచేస్తున్నాను. వాడు తలెత్తి బోర్డును చూశాడు.

"నిజం సెప్పప్పా. ఈ మొగము నాదేనా?"

"నీది యాడిదప్పా. క్యాలెండర్ బొమ్మ సూసి ఏసినా."

"మరి ఈ తెల్లది?"

"ఎలుతురు పడినట్టు ఏసినా."

బొమ్మలో వెలుతురు కుడి చెంప వైపు నుంచి పడుతోంది. మచ్చ ఎడమ చెంప మీద ఉంది. అది వాడి కంట పడకుండా ఉంటుందా?

"సరేలే. నువ్వు సెప్పినాక ఇంగేముంది" అని వెళ్లిపోయాడు.

నమ్మాడా? నమ్మినట్టు నటించాడా? నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా వేళాకోళం చేస్తే మాత్రం, "అది నేను కాదు, క్యాలెండర్ బొమ్మంట, మావోడే సెప్పినాడు" అనేవాడు. నా అబద్ధాన్ని ఊరంతా వాడే మోశాడు. జనం ఇంకా నవ్వారు. వాడు నిచ్చెనెక్కి రాస్తుంటే కింద పిల్లలు వేళ్లు తుపాకిలా చాపి కాల్చేవాళ్లు. గుమ్మం ముందు ఈ గోల ఎందుకని కొట్లవాళ్లు వాడిని పిలవడం మానేశారు. ఆ పనులు నాకొచ్చాయి. వద్దన్నానా? అనలేదు.

కొన్ని నెలలకు ఆ ఆట అందరికీ మొహం మొత్తింది. రామప్ప మిషన్‌ను ఎవరికో అమ్మేసి, బోర్డును చీల్చి పొయ్యిలో పెట్టుకున్నాడు. బొల్లోడన్న పేరు మాత్రం కాలిపోలేదు. ఖాజా పెళ్లాం పిల్లలతో ఎమ్మిగనూరుకు పోయి, నూలుకు రంగులు వేసేచోట కూలికి చేరాడు. బ్రష్షు మళ్లీ పట్టలేదని విన్నాను. ఆదోనిలో నేనే పెద్ద పెయింటర్నయ్యాను.

ఒకసారి ఎమ్మిగనూరు బస్టాండులో కనిపించాడు. చేతులు మోచేతుల దాకా నీలం. బస్సులో ఉన్న నన్ను చూసి చేయెత్తాడు. నేను దిగలేదు. తల తిప్పుకున్నాను. తిట్టి ఉంటే, రాయి విసిరి ఉంటే, నాకు ఏదో ఒక దారి దొరికేది. చేయెందుకెత్తాడు?

ఇన్నేళ్లూ ఆ దరిద్రపు ఆటను తిట్టాను, రామప్పను తిట్టాను, మిల్లు యజమానిని తిట్టాను. నన్ను నమ్మినందుకు ఖాజాను కూడా తిట్టాను. పోయిన ఏడాది వాడు చనిపోయాడని తెలిసింది. అప్పటికి నా తిట్లు తినడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ మొహం ఖాజాదే. తెలిసే గీశాను. అడిగితే అబద్ధం చెప్పాను. ఈ మాటలు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఎన్నడూ పైకి అనలేదు. ఇప్పుడు మీతో అన్నాక ప్రాణం కాస్త తేలికపడింది. ఆ తేలికను చూసినా నాకు ఒళ్లు మండుతోంది.