రొట్టె పళ్లెం ఆగిన చోట

మా నాన్న సంఘపెద్ద. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊరి చర్చిలో భక్తికి ఆయనే కొలబద్ద. మొదటి గంటకు ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చేవాళ్లను చూపుతోనే కడిగేసేవాడు. గురివింద గింజ సామెత పుట్టింది ఆయన కోసమేనేమో అని నాకు అనిపించేది. పైకి అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

ఆ ఆదివారం ఆఖరి గంట కొట్టాక నాన్నా నేనూ గుమ్మం దగ్గర్నుంచి లోపలికి పోబోతుండగా మా పక్కపొలం ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. భర్త పోయాడు, ఉన్నది ఒక్క వరి కయ్య. అందులో నాట్లు వేసి వారం కూడా కాలేదు. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"అన్నా, మీ రొయ్యల గుంట గట్టు తెగింది. ఉప్పునీళ్లు నా కయ్యలోకి పోతా ఉండాయి. మట్టి మూటలేసినా నా ఒక్కదాని వల్ల కాలేదు."

"ఆరాధన అయినాక చూద్దాం లేమ్మా. దేవుని పని ముందు," అన్నాడు నాన్న.

నాకు ఒళ్లు మండింది. నేను వెళ్తానంటే మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. సాయం పట్టగల మగవాళ్లంతా అప్పటికే లోపల ఉన్నారు. చేసేదిలేక ఆమె కూడా వచ్చి ఆడవాళ్ల వైపు, అమ్మా నేనూ ఉన్న వరుసలోనే కూర్చుంది. ప్రసంగం సాగినంతసేపూ నా మనసు ఆ నారు మీదే ఉంది.

నెలనెలా ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు, పాస్టరుగారు ఒక మాట అంటారు: "ఎవరితోనైనా తగువుంటే ముందు సమాధానపడి రండి." ఎవరూ లేవరు. ఆ రోజూ లేవలేదు. నాన్న రొట్టె పళ్లెం తీసుకుని మా వరుసలోకి వచ్చాడు.

పక్కపొలం ఆమె చెయ్యి చాచలేదు. నాన్న కాసేపు ఆగి, పళ్లెం పక్కావిడ ముందుకు జరిపాడు. ఆవిడా తీసుకోలేదు. ఆ తర్వాత అమ్మ. నాకు ఊహ తెలిసినప్పటినుంచి అమ్మ ఆయనకు ఎదురు చెప్పి ఎరగదు.

"ఆమె తీసుకోకుండా నేనెట్టా తీసుకునేది?" అంది అమ్మ, అందరికీ వినపడేలా.

నాన్న మొహం నల్లబడింది. పళ్లెం బల్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. పాస్టరుగారు రొట్టె మీద తెల్లగుడ్డ కప్పారు. ఎవరూ పాట ఎత్తలేదు. నాన్న అలిగి ఇంటికి పోయాడేమోనని నాకు భయం వేసింది. అంతలో కిటికీ దగ్గరున్న ఒకాయన, "గుంట వైపే పోతుండాడు," అన్నాడు. మగవాళ్లు ఒక్కొక్కరే లేచి వెనకాలే వెళ్లారు.

చాలాసేపటికి తిరిగొచ్చారు. నాన్న తెల్ల పంచె నిండా బురద. గట్టు నిలిచిందట, కానీ కయ్యలో సగం అప్పటికే మునిగిందట. పాస్టరుగారు గుడ్డ తీసి మొదటి ముక్క ఆయనకే అందించారు.

నాన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ముందు ఆమెకియ్యండి అయ్యగారూ. ఆ కయ్య మళ్లా పచ్చబడినాక నాకు పెట్టండి."