సాకు అడిగితే గోనెసంచి వచ్చింది

నేను పదవీ విరమణ చేసి పన్నెండేళ్లయింది. ఉండేది చెన్నై వ్యాసర్పాడిలో. ప్రతి ఆదివారం మాధవరం వెళ్లి, చిన్ననాటి మిత్రుడు మునిరత్నానికి తెలుగు పేపరు చదివి వినిపించేవాణ్ణి. చూపు మందగించిందని అతనే అడిగాడు. రెండేళ్లలో ఒక్క వారం కూడా తప్పలేదని నా డైరీలు చెబుతాయి.

పోయిన వేసవిలో ఒక ఆదివారం ఎండకు భయపడి, "మాధవరం పోకుండా ఉండేదానికి మంచి సాకు ఒకటి కావాలే" అని నా భార్యతో అన్నాను. అంతలో తలుపు చప్పుడైంది. చూస్తే మునిరత్నమే!

"ఎండలో నువ్వెందుకు తిరగాలని నేనే ఆటోలో వచ్చేసినానప్పా" అన్నాడు.

అతను కూర్చున్నాడో లేదో, మా ఎనిమిదేళ్ల మనవరాలు వంటింట్లోంచి పాత గోనెసంచి ఈడ్చుకొచ్చింది. బడిలోనూ వీధిలోనూ దానికి తమిళమే. తమిళంలో గోనెసంచిని సాక్కు అంటారు.

"ఇంద తాతా, సాక్కు! మాధవరం పోకుండా ఉండేదానికి కావాలంటివే!"

సిగ్గుతో తల దించుకున్నాను. అరవై ఏళ్ల స్నేహం ఆ పూటతో సరి అనుకున్నాను. మునిరత్నం సంచి అందుకుని, మూతికి కుట్టిన చీటీలోని చీమల్లాంటి అక్షరాలను గడగడా చదివేశాడు.

"నీ కండ్లు బాగుండాయా?" అన్నాను.

"ఎప్పుడు బాగలేవప్పా? ఊరికే రమ్మంటే నువ్వొస్తావా? నాదీ సాకే" అని నవ్వాడు.

సాకు తప్పించుకోవడానికే అనుకునేవాణ్ణి. మనిషిని రప్పించుకోవడానికి కూడా అని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు పేపరు లేకుండానే వెళుతున్నాను.